చదివింపులు మైకులో చదవాలా?

మే నెల మొదటి వారంలో, మేము కొందరం కలిసి నడుపుకునే మిద్దెతోటల చర్చావేదికలో ఒకావిడ తన బెండ మొక్కల ఫొటో పెట్టి, ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారుతున్నాయి, ఏం చేయాలో చెప్పమని అడిగారు. పది నిమిషాలలో జవాబు వచ్చింది. లీటరు నీటికి రెండు చెంచాల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి పిచికారీ చేస్తే వారంలో ఆకులు పచ్చబడతాయని అందులో ఉంది. పక్కనే, జవాబిచ్చినవారి తోటలో నవనవలాడుతున్న బెండ మొక్కల ఫొటో కూడా ఉంది. సాయంత్రానికి ఆ జవాబుకు 41 లైకులు చేరాయి. మర్నాడు మధ్యాహ్నం, వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నాలుగే వాక్యాలు రాశారు. ఇది పల్లాకు తెగులు. వైరస్ వల్ల వస్తుంది, తెల్లదోమ మోసుకొస్తుంది. సోకిన మొక్కకు మందు లేదు. పీకి పారేసి, మిగిలినవాటి దగ్గర పసుపు రంగు జిగురు అట్టలు కట్టండి. ఆ జవాబుకు వచ్చిన లైకులు రెండు. అడిగినావిడ 41ని నమ్మారు. నెల తిరిగేసరికి పన్నెండు గ్రోబ్యాగులలోని బెండ అంతా పోయింది.

ఆ 41లో ఒకటి నాది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. బెండ సంగతి నాకు తెలియక కాదు. పల్లాకు తెగులును నా మిద్దె మీదే రెండు వేసవులు చూశాను. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వస్తూ ఫోను తెరిచేసరికి ఆ జవాబు పక్కన అప్పటికే ముప్ఫై పైచిలుకు అంకె ఉంది. ఇంతమంది ఒప్పుకున్నదే కదా అనుకుని నేనూ నొక్కాను. ఫొటోను పెద్దది చేసి చూడలేదు. చూసి ఉంటే, మెగ్నీషియం లోపం ఉన్న ఆకులో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపెక్కుతుందనీ, ఇక్కడ సరిగ్గా దానికి తిరగబడి ఈనెలే పసుపెక్కాయనీ అరనిమిషంలో తట్టేది. నా చేత ఆ అరనిమిషం ఖర్చు పెట్టించకుండా ఆపినది ఆ అంకె.

దీని తర్వాత వేదిక చూసుకునే ఐదుగురం ఒక ఆదివారం రెండు గంటలు మాట్లాడుకున్నాము. ఈ వేదికను తన చేతులతో కట్టిన కుర్రవాడు, "అంకె తీసేస్తే ఎవరూ రాయరు సార్, నెలలో ఖాళీ అవుతుంది" అన్నాడు. అతను చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. అయినా ఆ రోజు నుంచి ఆలోచిస్తూ వచ్చిన కొద్దీ నాకొక అభిప్రాయం గట్టిపడింది: ఎంతమంది మెచ్చుకున్నారో లెక్క పెట్టడం ఒక పని, ఆ లెక్కను అప్పటికప్పుడు అందరి కళ్ళెదుటా వేలాడదీయడం ఇంకొక పని. మొదటిది లేకుండా ఏ వేదికా నడవదు. రెండవది మాత్రం, మెచ్చుకోవలసినవారు ఇంకా వస్తూ ఉండగా చేస్తే, లెక్కనే పాడుచేస్తుంది. రెండూ ఒకే మీటలో వస్తాయి కాబట్టి అవి రెండు పనులని మనకు తోచదు.

పుస్తకంలో రాయడం, మైకులో చదవడం

ఈ తేడా నాకు మొదట అర్థమైనది కంప్యూటర్ల వల్ల కాదు, పెళ్ళిళ్ళ వల్ల. నా చిన్నతనంలో మా వైపు పెళ్ళిళ్ళలో పందిరి పక్కన బల్ల వేసుకుని ఒకాయన చదివింపుల పుస్తకం రాసేవారు. ఆయన పక్కన మైకు పట్టుకుని ఇంకొకాయన, ఫలానా ఊరి ఫలానావారి చదివింపులు నూట పదహారు రూపాయలు అని ఊరంతా వినబడేలా చదివేవారు. ఒక పెళ్ళిలో మా నాన్న యాభై ఒక్క రూపాయలు చేతిలో పెట్టుకుని వరుసలో నిలబడ్డారు. ఆయన ముందున్న ముగ్గురికీ వరుసగా నూట పదహార్లు చదివారు. నాన్న వరుసలోంచి పక్కకు జరిగి, మా బాబాయి దగ్గరకు వెళ్ళి ఏదో మాట్లాడి, తిరిగి వచ్చి నూట పదహార్లే చదివించారు. పెళ్ళివారి అవసరం ఆ ఐదు నిమిషాలలో పెరగలేదు, మా స్తోమత కూడా పెరగలేదు. చెవిన పడిన మూడు అంకెలే నాన్న చేతిలోని అంకెను మార్చాయి.

అలాగని ఆ పుస్తకం అనవసరమని ఎవరూ అనరు. రేపు వాళ్ళింట్లో శుభకార్యం జరిగితే మనం ఎంత పెట్టాలో ఆ పుస్తకం చూసే తేల్చుకుంటారు. మా అమ్మ బీరువాలో అటువంటి పుస్తకాలు మూడు ఇప్పటికీ ఉన్నాయి. పుస్తకం జ్ఞాపకం కోసం, మైకు వేడుక కోసం. ఈ మధ్య చాలా పెళ్ళిళ్ళలో మైకులో చదవడం మానేశారు, కవర్లు తీసుకుని లోపల రాసుకుంటున్నారు. అందువల్ల చదివింపులు తగ్గిపోయాయని ఎవరైనా ఫిర్యాదు చేయగా నేను వినలేదు.

పాటలతో చేసిన పరీక్ష

పెళ్ళి ఉదాహరణ చెబితే మా కుర్రవాడు నవ్వి, "అది మొహమాటం సార్, ఇక్కడ ఎవరి పేరూ కనబడదు కదా" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. మొహమాటం లేనిచోట కూడా అంకె పనిచేస్తుందా? దీనికి మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 2006లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన కంటే సూటి సమాధానం నాకు తెలియదు. ఎవరికీ పేరు తెలియని బృందాలు పాడిన 48 పాటలను వారు ఒక సైటులో పెట్టారు. మొత్తం 14,341 మంది వచ్చి పాటలు విని, నచ్చినవాటిని డౌన్‌లోడ్ చేసుకున్నారు. కొందరికి పాటల పేర్లు మాత్రమే కనిపించాయి. మిగిలినవారిని ఎనిమిది వేర్వేరు లోకాలుగా విడదీసి, తమ లోకంలో ఇంతకుముందు ఏ పాటను ఎంతమంది తీసుకున్నారో ఆ అంకెను పాట పక్కనే చూపించారు. ఒక లోకంలో జరిగినది మరొక లోకానికి తెలియదు.

పాటలు అవే, వినేవారూ ఒకే రకం మనుషులు. అయినా ఒక లోకంలో పై వరుసన నిలిచిన పాట మరొక లోకంలో నలభయ్యో స్థానానికి జారింది. అంకె చూపిన చోట గెలిచిన పాటలు మరింత పెద్దగా గెలిచాయి, ఓడినవి మరింత ఘోరంగా ఓడాయి, ఏది గెలుస్తుందో ముందుగా చెప్పడం మరింత కష్టమైంది. ఇక్కడ ఎవరి పేరూ ఎవరికీ తెలియదు, ఎవరి ముందూ ఎవరికీ చిన్నతనం లేదు.

నా వాదనకు ఎదురుతిరిగే మాట కూడా ఆ పరిశోధనలోనే ఉంది, దాన్ని దాచడం బాగుండదు. అంకెలు చూపించని గుంపు బాగా మెచ్చిన పాటలు ఏ లోకంలోనూ అరుదుగా తప్ప అడుగుకు పోలేదు, మరీ నాసిరకం పాటలు అరుదుగా తప్ప పైకి రాలేదు. సాల్గానిక్, వాట్స్ ఆ తర్వాత ఇంకో అడుగు వేసి, అంకెలను తలకిందులు చేసి, జనం వదిలేసిన పాటలకే ఎక్కువ ఆదరణ ఉన్నట్టు చూపించినప్పుడు కూడా, చాలా పాటల విషయంలో ఆ అబద్ధమే నిజమైపోయినా, అన్నిటికంటే మంచి పాటలు మాత్రం కాలం గడిచే కొద్దీ మెల్లగా పైకి ఎక్కాయి. కాబట్టి మంచి జవాబు ఎప్పటికైనా తేలుతుందని అనేవారి దగ్గర సాక్ష్యం ఉంది. నా సందేహమల్లా ఆ 'ఎప్పటికైనా' గురించే. పాటకు తొందర లేదు. తెల్లదోమ ఒక కుండీ నుంచి పక్క కుండీకి వెళ్ళడానికి జనాభిప్రాయం కుదుటపడేదాకా ఆగదు. పైగా మన జవాబులలో అద్భుతాలూ, పనికిమాలినవీ తక్కువ. ఎక్కువ భాగం మధ్యరకానివి. ఆ మధ్యరకం పాటల విషయంలోనే ఎనిమిది లోకాలూ ఎనిమిది రకాలుగా తీర్పు చెప్పాయి.

మొదటి ఒక్క లైకు

2013లో లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ చేసిన ప్రయోగం ఇంకా దగ్గరది, ఎందుకంటే అది చర్చలు జరిగే చోటనే జరిగింది. ఒక వార్తల చర్చావేదికలో ఐదు నెలలపాటు వచ్చిన 1,01,281 వ్యాఖ్యలలో కొన్నిటికి, అవి పుట్టగానే, చీటీ తీసినట్టుగా ఒక్క మెప్పు అదనంగా తగిలించారు, కొన్నిటికి ఒక్క అయిష్టం తగిలించారు, మిగిలినవాటిని ముట్టుకోలేదు. అలా ఊరికే మెప్పు దొరికిన వ్యాఖ్యను తర్వాత చూసిన మొదటి మనిషి కూడా మెచ్చే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి ఆ వ్యాఖ్యల సగటు మార్కు మిగిలినవాటి కంటే 25 శాతం ఎక్కువగా తేలింది. ఊరికే అయిష్టం తగిలినవాటిని మాత్రం తర్వాత వచ్చినవారు సరిచేశారు. అంటే గుంపు అన్యాయపు తిట్టును పట్టుకోగలదు గాని, అన్యాయపు పొగడ్తను పట్టుకోలేదు. ఇది చదివాక మా బెండ జవాబుకు మొదటి పది నిమిషాలలో వచ్చిన మూడు లైకులు ఎవరివో చూశాను. జవాబిచ్చినవారి చెల్లెలు, మరిది, ఇంకొకరు. వారిలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ఇంటి మనిషి రాశారని నొక్కారు, అంతే.

దాచడం మీద నాకున్న అనుమానాలు

అంకె దాచితే చాలునని నేను అనుకోలేకపోవడానికి మొదటి కారణం వరుస. అంకెను తుడిచేసి, ఎక్కువ మెప్పు పొందిన జవాబును పైనే ఉంచితే ఏం దాచినట్టు? పాటల పరిశోధనలోనే, పాటలను గళ్ళలో చెదరగొట్టి పెట్టినప్పటికంటే, ఆదరణ క్రమంలో ఒకే వరుసగా పేర్చినప్పుడు అంకెల ప్రభావం ఇంకా పెరిగింది. వరుసకు కావలసిన లెక్కను మాత్రం మెరుగు చేయవచ్చు. ఒకే ఒక్క ఓటు పడి అది మెప్పే అయిన జవాబుకు నూటికి నూరు వచ్చినట్టు, నూరు ఓట్లలో 95 మెప్పులు పడిన జవాబుకు నూటికి 95 మాత్రమే వచ్చినట్టు చూస్తే మొదటిదే పైన కూర్చుంటుంది. ఎడ్విన్ విల్సన్ అనే గణిత శాస్త్రవేత్త 1927లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఉన్న సాక్ష్యంతో కనీసం ఎంతవరకు నమ్మవచ్చునని లెక్కిస్తే మొదటిదానికి దాదాపు 21 శాతం, రెండవదానికి దాదాపు 89 శాతం వస్తుంది. రెడ్డిట్ అనే చర్చావేదిక 2009లో వ్యాఖ్యల వరుసకు ఈ పద్ధతినే తెచ్చుకుంది. ఇది మంచి లెక్కే, కాని వచ్చిన ఓట్లు ఒకరినొకరు చూసి వేసినవైతే ఏ సూత్రమూ వాటిని కడిగి శుభ్రం చేయలేదు.

రెండవ అనుమానం నన్ను ఎక్కువగా బాధపెట్టేది. 2021 నవంబరులో యూట్యూబ్ అయిష్టాల అంకెను ప్రేక్షకులకు కనబడకుండా తీసేసింది. గుంపుగా వచ్చి అయిష్టాలు గుద్ది చిన్న చానళ్ళను వేధిస్తున్నారని కారణం చెప్పింది. వీడియో చేసినవారికి మాత్రం ఆ అంకె ఇప్పటికీ కనిపిస్తుంది. వేధింపు నిజమే కావచ్చు. కాని అంతకుముందు కుక్కర్ గాస్కెట్ మార్చడమో, మోటారుకు కెపాసిటర్ బిగించడమో చూపించే వీడియో కింద ఆ అంకె చూసి, ఇది ప్రమాదమని ఒక్క చూపులో గ్రహించేవాడిని. ఇప్పుడు ఆ హెచ్చరిక లేదు. అంకెను దాచినప్పుడు ఎవరికి మేలు జరిగిందని అడిగితే, చూసేవారికని నేను చెప్పలేను. దాచడమనేది యజమాని చేతిలోని పరదా కూడా అవుతుంది, మా ఐదుగురి చేతిలోనూ అవుతుంది. అందుకే ఎప్పటికీ దాచడానికి నేను ఒప్పుకోను. నేను అడిగేది ఆలస్యం మాత్రమే.

మూడవది ఒక మాట. మా వేదికలో ఆకుకూరల గురించి ఓపికగా రాసే ఒకావిడకు ఈ చర్చ సంగతి తెలిసి నాకు ఫోను చేశారు. "మీకు ఆ ఏడు లైకులు చిన్నవిగా కనబడతాయి అన్నయ్యా. మా ఇంట్లో నేను వండినదానికి బాగుందని ఎవరూ అనరు. ఇక్కడ తోటకూర గురించి రాస్తే ఏడుగురు బాగుందన్నారు. అది కూడా తీసేస్తారా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆలోచిస్తే, ఆవిడకు కావలసినది ఆ ఏడు ఆవిడకు కనబడడం; ఊరందరికీ కనబడడం కాదేమో అనిపించింది. కాని అలా అనుకోవడం నాకు అనుకూలంగా ఉంది కాబట్టి దాని మీద కూడా నాకు కొంత అపనమ్మకం ఉంది.

మనిషి పేరు పక్కన అంకె

జవాబు పక్కన అంకె ఒక ఎత్తు, మనిషి పేరు పక్కన మొత్తం అంకె ఇంకొక ఎత్తు. దీని మీద నాకు సందేహాలు తక్కువ. స్లాష్‌డాట్ అనే సాంకేతిక వార్తల చర్చావేదిక ఈ పాఠాన్ని చాలా ముందే నేర్చుకుంది. సభ్యుల మంచిపేరుకు వారు కర్మ అని మన మాటే పెట్టుకుని (పూర్వజన్మ లెక్కలు ఎవరూ చూడలేరన్న సంగతి మరిచి) దాన్ని అంకెగా చూపించారు. జనం దాన్ని వీడియో గేమ్‌లో పాయింట్లలాగా పోగుచేయడం మొదలుపెట్టారు. మొదట 50 దగ్గర గిరి గీశారు, తర్వాత అంకెనే తీసేసి మంచి, చాలా మంచి, చెడ్డ అన్న తరహాలో మాటలు పెట్టారు. స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు అంకెను ఉంచింది గాని రోజుకు ఓట్ల ద్వారా 200 కంటే ఎక్కువ రాకుండా ఆపింది. ఇతరుల జవాబును తగ్గించి ఓటేసినవారి ఖాతాలోంచి కూడా ఒక పాయింటు తీసుకుంటుంది. తిట్టడానికి ధర పెట్టిన ఆ ఏర్పాటు నాకు నచ్చుతుంది. మెచ్చడానికి కూడా ధర ఉంటే బెండ జవాబును నేను పెద్దది చేసి చూసేవాడిని.

మా దగ్గర నెలనెలా మొదటి పదిమంది పేర్ల పట్టిక ఉండేది. అది మొదలైన నాటి నుంచి జవాబులు పొట్టివయ్యాయి, తొందరవయ్యాయి. ఎవరు ఏ ప్రశ్న అడిగినా అందరికంటే ముందుగా "వేపనూనె కొట్టండి" అని రాసే ఒకాయన మూడు నెలలు వరుసగా మొదటి స్థానంలో నిలిచారు. వేపనూనె చాలావాటికి పనిచేస్తుంది కాబట్టి ఆయన తప్పు చెప్పారని కూడా అనలేము. వ్యవసాయ శాఖ పెద్దాయన ఆ పట్టికలో ఒక్కసారి కూడా రాలేదు. ఆయన ముందు ఫొటో ఇంకా దగ్గరగా తీసి పెట్టమని అడుగుతారు, నీళ్ళు ఎప్పుడు పోస్తారని అడుగుతారు, రెండు రోజుల తర్వాత జవాబు చెబుతారు. ప్రశ్నలకు లైకులు కొట్టే అలవాటు మన జనానికి లేదు. ఆ పట్టికను తీసేయడానికి ఐదుగురమూ ఐదు నిమిషాలలో ఒప్పుకున్నాము.

42 రోజులు

మిగిలినదాని మీద రెండు గంటలు పట్టింది. చివరికి నేను 2019 ఎన్నికలను గుర్తుచేశాను. మన రెండు రాష్ట్రాలలోనూ ఏప్రిల్ 11న, మొదటి విడతలోనే ఓట్లు వేశాము. దేశంలో ఏడవ విడత మే 19న ముగిసింది, లెక్కింపు మే 23న జరిగింది. అంటే మన ఓట్లు 42 రోజులు స్ట్రాంగ్ రూముల్లో మగ్గాయి. ఆ రోజుల్లో టీ కొట్టు దగ్గర ప్రతి మనిషీ విసుక్కున్నాడు, నేనూ విసుక్కున్నాను. యంత్రంలోని ఓట్లను లెక్కించడానికి ఒక పూట చాలు, అయినా ఆగారు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఏ సెక్షన్ ప్రకారం చివరి విడత ముగిసేదాకా ఎగ్జిట్ పోల్ అంచనాను కూడా బయటపెట్టకూడదు. ఇంకెక్కడో ఓటు వేయబోయేవారికి ఇక్కడివారు ఎటు మొగ్గారో తెలియకూడదన్నదే ఇందులోని ఆలోచన. ఆ అంకెను ఎవరూ శాశ్వతంగా దాచలేదు. లెక్కింపు ముగిశాక ప్రతి నియోజకవర్గం లెక్కా అందరి ముందూ ఉంది. ఓటింగు సాగినంతసేపు మూసి ఉంచారు, అంతే. దేశం 42 రోజులు ఆగగలిగినప్పుడు బెండ మొక్క గురించి రెండు రోజులు ఆగలేమా అని అడిగాను.

కుర్రవాడు పూర్తిగా ఒప్పుకోలేదు గాని దసరా వరకు పరీక్షించి చూద్దామన్నాడు. ఇప్పుడు మా వేదికలో మొదటి 48 గంటలు ఏ జవాబు పక్కనా అంకె కనిపించదు, జవాబులు వచ్చిన క్రమంలో కాక ఎవరు తెరిస్తే వారికి ఒక్కో వరుసలో కనిపిస్తాయి. రాసినవారికి మాత్రం తమ అంకె తమకు కనిపిస్తుంది. ఆకుకూరల ఆవిడ మాట నాకు గుర్తుంది. 48 గంటల తర్వాత అంతా తెరుచుకుంటుంది. దానికి తోడు "చేసి చూశాను, పనిచేసింది" అని విడిగా ఒక మీట పెట్టాము. అది వారం దాటాకే నొక్కడానికి వీలవుతుంది. ఇప్పటివరకు దాన్ని నొక్కినవారు చాలా కొద్దిమంది. చదివి మెచ్చుకోవడానికి, మిద్దెక్కి చేసి చూడడానికి మధ్య ఎంత దూరముందో ఆ మీట చూపిస్తున్నదా, లేక దాన్ని మేము సరైన చోట పెట్టలేదా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

నిన్న ఒకాయన సొరపిందెలు వేలెడంత పెరిగి పసుపెక్కి రాలిపోతున్నాయని అడిగారు. రెండు జవాబులు వచ్చాయి. ఒకరు పొద్దుపోయాక మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దమన్నారు, ఇంకొకరు కాల్షియం లోపమన్నారు. నిర్వాహకులకు వెనకవైపు ఒక పట్టికలో అంకెలన్నీ కనిపిస్తూనే ఉంటాయి. ముందు ఫొటో చూసి, రెండు జవాబులూ చదివి, అప్పుడే ఆ పట్టిక తెరవాలని నాకు నేను నియమం పెట్టుకున్నాను. ఫొటో తెరుచుకునేలోపే పట్టిక తెరిచాను. అద్దమన్నదానికి 9, కాల్షియానికి 14. గడువు ఇంకా ముప్ఫై గంటలుంది.